రేణుక మేడం చెప్పిన మురుగునీటి పాఠం

మా బడి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం తల్లిదండ్రుల ఫోన్లకు ఒక సందేశం వెళ్లేది. 'ఈ వారం మా పిల్లలు నేర్చుకుంటున్నవి' అని దాని శీర్షిక. పైన ఒక ఫొటో, కింద నాలుగు ముక్కలు. ఆ ముక్కలు రాసేది నేను. ఆరో తరగతి పిల్లలు భిన్నాలతో చెలిమి చేస్తున్నారని, ఎనిమిదో తరగతి పిల్లలు అడవి గుండె చప్పుడు వింటున్నారని, ఇట్లాంటివి పదకొండేళ్లు రాశాను. తెలుగు పంతులుకు అంతకంటే పనేముంటుందని మా కరస్పాండెంట్ కిషన్ రావు గారి అభిప్రాయం. బడి ఆయనది, మాట కూడా ఆయనదే. ఆ వాక్యాలు ఇప్పుడు తలుచుకుంటే నోట్లో పాచి రుచి తగులుతుంది.

కానీ ఇది నా కథ కాదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పిన రేణుక మేడం కథ. నా పేరు రమాకాంత్. స్టాఫ్ రూములో ఆమె పక్క టేబుల్ నాది. ఆమె జీవితంలో నా పాత్ర అంతవరకే అనుకునేవాణ్ణి.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, ఇల్లుగా కట్టిన మూడంతస్తుల మేడనే బడి చేశారు. నాలుగు వందల మంది పిల్లలకు కింద నాలుగు మరుగుదొడ్లు. వాటి గోడకు ఆనుకొని నేలలో నీళ్లు నిలవ చేసే సంపు. సంపులోని నీళ్లు మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కుతాయి, అక్కడి నుంచి మెట్ల కింద ఉన్న మూడు నల్లాలకు దిగుతాయి. పిల్లలు తాగేవి అవే. నల్లాల పైన గోడకు ఫిల్టర్ అని రాసిన తెల్ల డబ్బా ఒకటి ఉండేది. దాని లోపల ఏమీ లేదని మా అందరికీ తెలుసు. మేం నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లం.

రేణుక మేడం తండ్రి లక్ష్మయ్య మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలికి వచ్చినవాడు. దోమలగూడలో నాలా పక్క బస్తీలో ఉండి, మోరీల్లో పూడిక తీసే పని చేశాడు. ఆ సంగతి ఆమె దాచుకునేది కాదు, అట్లాగని చాటుకునేదీ కాదు. ఒకసారి మధ్యాహ్నం అన్నం తింటుండగా ఎందుకో చెప్పింది. ఆమె నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక టీచరమ్మ ఆమెను విడిగా తలుపు దగ్గర కూర్చోబెట్టి, పక్కన అగరుబత్తి వెలిగించేదట. ఒకరోజు కాదు, ఆ సంవత్సరమంతా.

"మా బాపు పని నుంచి రాంగనే బట్టల సబ్బుతోని ఒళ్లంతా రుద్దుకునేటోడు సార్. నా నెత్తి దువ్వాలంటే ముందుగాల చేతులు వాసన చూసుకునేటోడు. ఆ వాసన ఆయనది గాదు, ఊరందరిది. ఆయన మోసెటోడు, అంతే," అని మజ్జిగ కలుపుకుంది.

ఆ పిల్లే నారాయణగూడలో డిగ్రీ చదివి, బీఈడీ చేసి, పంతొమ్మిదేళ్లు ఈ బడిలో పాఠం చెప్పింది. అశోక్‌నగర్‌లో, పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ల మధ్య, రెండు గదుల్లో కిరాయికి ఉండేది. భర్త సాగర్ కొరియర్ పని, కూతురు నర్మద ఇంటర్. ఆమె తరగతిలో ఒక్కటే కట్టడి. ఎవరూ 'ఛీ' అనకూడదు. బూజు పట్టిన రొట్టె తెచ్చినా, వానపామును అరచేతిలో పెట్టుకున్నా, పిల్లలు ముఖం తిప్పుకుంటే ఊరుకునేది కాదు. "వాసన వస్తే ముక్కు మూసుకొనుడు గాదు, ఏడికెల్లి వస్తుందో చూడాలె," అనేది.

పోయిన ఏడాది చలికాలంలో పిల్లలు ఎక్కువగా బడి మానడం మొదలైంది. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. ఏడో తరగతిలో సాయిచైతన్య అనే పిల్లవాడికి కామెర్లు వచ్చి మూడు వారాలు రాలేదు. రేణుక మేడం హాజరు పట్టీ పట్టుకొని కిషన్ రావు గారి గదికి వెళ్లింది. నేనూ ఏదో సంతకానికి అక్కడే ఉన్నాను.

"నీళ్లు ఒకసారి చూపిస్తే మంచిది సార్," అంది ఆమె.

"గా కామెర్ల పోరడు బయట పానీపూరి తిన్నడు మేడం. గంతే. మీరు సైన్సు టీచరైతే డాక్టర్ అయిపోతరా," అని ఆయన నవ్వాడు. ఆయన టేబుల్ మీద సీలు వేసిన నీళ్ల బాటిల్ ఉంది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. పెద్దవాళ్లు నవ్వితే నవ్వడం అలవాటైపోయి ఉంటుంది.

ఆ తర్వాతి సోమవారం ఏడో తరగతిలో మురుగునీటి పాఠం వచ్చింది. అది ఆమె ఎంచుకున్నది కాదు, పుస్తకంలో వరసలో వచ్చిందే. ఇంట్లో వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి, ఎట్లా శుద్ధి చేస్తారు, మురుగు తాగే నీళ్లలో కలిస్తే ఏ రోగాలు వస్తాయి, ఇదీ పాఠం. ఆమె ల్యాబ్ సామాన్ల దుకాణం నుంచి అడుగున మందు వేసిన ఆరు చిన్న గాజు సీసాలు తెచ్చింది. నీళ్లు పోసి మూతపెట్టి ఉంచితే, అందులో మలం కలిసి ఉన్న పక్షంలో ఒకటి రెండు రోజుల్లో నల్లబడే సీసాలు అవి. నాలుగింటిలో పిల్లలు తమ ఇళ్ల నుంచి తెచ్చిన నీళ్లు పోశారు. ఒకదాంట్లో వీధి బోరింగు నీళ్లు. ఆరోదాంట్లో మెట్ల కింది నల్లా నీళ్లు. అంబిక అనే అమ్మాయి గుండ్రటి అక్షరాలతో చీటీలు రాసి అంటించింది. ఆరో చీటీ మీద 'మన బడి' అని రాసింది.

బుధవారం పొద్దున నేను ఆ తరగతి ముందు నుంచి పోతుంటే లోపల చప్పుడు లేదు. నలభై రెండు మంది ఉన్న తరగతి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. తొంగిచూశాను. కిటికీ గట్టు మీద ఆరు సీసాలు. ఐదింటి నీళ్లు ఆ మందు రంగుతో లేత గోధుమరంగులోనే ఉన్నాయి. ఆరోది నల్లగా, మురికి కాలువలోంచి తీసిన బురదలా ఉంది.

"మేడం, గివే నీళ్లు మనం తాగుతున్నమా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

రేణుక మేడం అవునని చెప్పింది. అబద్ధం చెప్పలేదు, మెత్తగానూ చెప్పలేదు. మాట పూర్తయ్యేసరికి ఒక పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకొని బయటికి పరుగెత్తి వాంతి చేసుకుంది. మేడం ఆ పిల్ల వీపు రాసి, తన ఇంటి బాటిల్ నీళ్లతో నోరు కడిగించి, కిందికి దిగి మూడు నల్లాలకూ పాత చున్నీ చింపి గట్టిగా ముడివేసింది. తరవాత సీసా తీసుకొని కిషన్ రావు గారి గదికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో ఆమె తిరిగివచ్చాక చెప్పింది. ఆయన సీసా వైపు చూసి, "సీసాలే కల్తీవి అయ్యుంటయి," అన్నాడట. తరవాత, "రేపు ఫొటో ఉంది, గా నల్లది తీసేసి వేరేది పెట్టుండ్రి," అన్నాడట.

గురువారం పదిన్నరకు కిషన్ రావు గారు స్వయంగా ఏడో తరగతికి వచ్చాడు. చేతిలో కొత్త గాజు సీసా, తన టేబుల్ మీది సీలు బాటిల్. పిల్లల ముందే ఆ నీళ్లు కొత్త సీసాలో పోసి, పాత సీసా మీది 'మన బడి' చీటీని గోటితో గీకి తీసి, దీనికి అంటించాడు. చీటీ మూల చిరిగింది. నల్ల సీసాను చెత్తబుట్టలో వేశాడు. ఫొటో తీయాల్సింది నేను. ఫోన్ పట్టుకొని నిలబడ్డాను.

అంబిక లేచింది. "సార్, గవి నల్లా నీళ్లు గావు సార్."

"అన్నీ నీళ్లే బిడ్డా. కూసో. నవ్వుండ్రి అందరు," అన్నాడాయన.

పిల్లలు నవ్వారు. వాళ్లలో కొందరు నిజంగానే నవ్వారు, ఫోన్ ముందు పెడితే నవ్వడం వాళ్లకూ అలవాటే. నేను బటన్ నొక్కాను. ఆ ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. అంబిక ఒక్కతే కెమెరా వైపు చూడలేదు, చెత్తబుట్ట వైపు చూస్తోంది. పన్నెండు గంటలకు నేను రాసిన ముక్కలతో అది అందరి ఫోన్లకూ వెళ్లింది. 'ఈ వారం మా ఏడో తరగతి పిల్లలు స్వచ్ఛమైన నీటి కమ్మదనాన్ని స్వయంగా తెలుసుకుంటున్నారు.' అక్షరం పొల్లుపోకుండా అదే రాశాను.

రేణుక మేడం ఆ గంటసేపూ కిటికీ పక్కనే నిలబడి ఉంది. ఆయన వెళ్లాక చెత్తబుట్టలోంచి నల్ల సీసా తీసి, మూత బిగించి, పైన తుడిచి, బ్యాగులో పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తినలేదు. నర్సింహమ్మను పిలిచింది. నర్సింహమ్మ బడి ఆయమ్మ, ఊడ్చడం, దొడ్లు కడగడం ఆమె పని. ఆమెదీ మహబూబ్‌నగర్ వైపే.

"అక్కా, సంపు మూత తీద్దాం పట్టు," అంది మేడం.

"వద్దు మేడం. సారు పూలకుండీలు పెట్టిచ్చిండు దాని మీద," అంది నర్సింహమ్మ.

"ఎప్పుడు పెట్టిచ్చిండు?"

"దసరా సెలవులప్పుడు నేనే చెప్పిన, దొడ్డి పైపు పగిలింది, గోడలకెల్లి సంపులకు దిగుతుందని. చూస్త అన్నడు. మర్నాడు ఫినాయిల్ డబ్బా ఇచ్చిండు. పేరెంట్స్ మీటింగని కుండీలు పెట్టిచ్చిండు."

ఇద్దరూ కలిసి కుండీలు జరిపారు. మూత ఎత్తగానే వచ్చిన వాసన మేడ మీద స్టాఫ్ రూముదాకా వచ్చింది. నేను దిగి వెళ్లేసరికి రేణుక మేడం ఏడో తరగతి పిల్లలను ఐదుగురేసి వరసలో తెచ్చి చూపిస్తోంది. అంచున తను మోకాళ్ల మీద కూర్చొని, ఒక చేయి అడ్డంగా చాపి, మరో చేత్తో టార్చి పట్టుకుంది. నేనూ చూశాను. దొడ్ల వైపు గోడ మీద పైనుంచి కిందిదాకా నల్లటి చార. ఆ చార వెంట చిక్కటి తడి నెమ్మదిగా జారుతోంది. అది నీటిని తాకే చోట పసుపుపచ్చ నురుగు తెట్టెలా కట్టింది. తెట్టె మీద సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయి. ఒక పాత రబ్బరు చెప్పు తేలుతోంది. ఆ నీళ్ల మధ్యలోకి మోటారు పైపు దిగి ఉంది.

నేను జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పిల్లలు పెట్టుకోలేదు. వాళ్ల ముఖాలు పాలిపోయాయి, ఒకరిద్దరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా వంగి చూసి పక్కకు జరిగారు.

పైకి వెళ్లాక ఆమె వాళ్లతో నోటుపుస్తకాలు తీయించింది. "మీరు చూసిందే రాయుండ్రి. చూడనిది ఒక్క మాట రాయొద్దు. ఎవ్వరినీ తిట్టొద్దు. బొమ్మ వేసి, ఏడికెల్లి ఏడికి పోతుందో బాణం గుర్తు పెట్టుండ్రి. ఇంట్ల చూపిచ్చి సంతకం తీసుకరావాలె," అంది. అది ఆ రోజు హోంవర్కు. ఆ సాయంత్రం ఒక్కో ఇంట్లో ఫోన్లో నా సందేశమూ, బల్ల మీద పిల్ల నోటుపుస్తకమూ ఉన్నాయన్నమాట.

శుక్రవారం తొమ్మిదికల్లా గేటు దగ్గర ముప్పై మంది దాకా తల్లిదండ్రులు. కిషన్ రావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "రమాకాంత్ సార్, ఒక కాయితం రాయుండ్రి. ఆయమ్మ సక్కగ కడగక గిట్ల అయిందని. మీ తెలుగుల మంచిగ రాయుండ్రి, ఎవ్వరు మళ్ల అడగొద్దు."

నేను రాశాను. ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా చిన్నది కావడం లేదు. నాకు అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఆయన నా మెడ మీద కత్తేమీ పెట్టలేదు. 'పారిశుద్ధ్య సిబ్బంది అజాగ్రత్త మూలంగా తలెత్తిన ఈ చిన్న అసౌకర్యానికి చింతిస్తూ, సదరు ఉద్యోగినిని తక్షణం తొలగిస్తున్నామని తెలియజేయుటకు' అని పది నిమిషాల్లో రాసిచ్చాను. వాక్యం బాగా కుదిరిందని లోపల ఒక క్షణం సంతోషం కూడా కలిగింది. నాలో నాకు అన్నిటికంటే అసహ్యం వేసేది ఆ క్షణమే.

కిషన్ రావు గారు మెట్ల మీద నిలబడి ఆ కాగితం చదివాడు. నర్సింహమ్మ చీపురు పట్టుకొని నల్లాల దగ్గర నిలబడి వింది. ఆమెకు ఆ మాటల్లో సగం అర్థం కాలేదనుకుంటాను. 'తొలగిస్తున్నామని' అన్నది మాత్రం అర్థమైంది. చీపురు గోడకు ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆగుండ్రి సార్," అంది రేణుక మేడం.

ఆమె గొంతు ఎప్పుడూ పాఠం చెప్పే గొంతే. పెద్దది కాలేదు. "పైపు పగిలిందని నర్సింహమ్మక్క దసరాకే చెప్పింది. పిల్లలు బీమారు పడుతున్నరని నేను పోయిన వారం చెప్పిన. ఇద్దరం సారుకే చెప్పినం. ఇది నిన్న సారు చెత్తల ఏసిన సీసా." బ్యాగులోంచి తీసి మెట్టు మీద పెట్టింది.

"మేడం, మీరు పిల్లలను రెచ్చగొట్టిండ్రు," అన్నాడాయన.

"నేను పాఠం చెప్పిన సార్. పుస్తకంల ఉన్నదే."

అంబిక తండ్రి నగేష్ ముందుకొచ్చాడు. నారాయణగూడ చౌరస్తాలో టిఫిన్ బండి ఆయనది. సీసా ఎత్తి వెలుగులో చూశాడు. "నా బండికాడ గిలాసల జర మబ్బుగ కనవడ్డా గిరాకీలు ఊకోరు, మొకం మీద పారవోస్తరు. మా పోరిల్లకు గివి తాపుతివా సారూ? పద, నాకు సంపు చూపియ్యి," అన్నాడు.

మూత మళ్లీ తీశారు. ఒకాయన వంగి చూసి, కిషన్ రావు గారి ప్యాంటు పక్కనే వాంతి చేసుకున్నాడు. సాయిచైతన్య తల్లి గోడకు ఆనుకొని నేల మీద కూర్చుండిపోయింది. కామెర్లతో ఉన్న కొడుకు మీద పానీపూరి తిన్నావా అని చేయి చేసుకున్నదట. అదే పదేపదే చెప్పుకుంది. కిషన్ రావు గారు తెల్లటి రుమాలు ముక్కుకు నొక్కుకొని, "అందరు జర వెనకకు జరగండి, ఇన్ఫెక్షన్ అయితది," అన్నాడు. ఆ మాట విన్నాక తల్లిదండ్రుల్లో ఎవరికీ తిట్టే ఓపిక కూడా మిగలలేదు. ఆయన వైపు చూసి ముఖాలు తిప్పుకున్నారు.

ఆ రోజే మోటారు బంద్ చేసి సంపు ఖాళీ చేశారు. పగిలిన పైపు మార్చారు. తల్లిదండ్రులు వంతులు వేసుకొని వారం రోజులు దగ్గరుండి చూశారు. పిల్లలకు తాగడానికి డబ్బాల నీళ్లు తెప్పించక తప్పలేదు. వేసవి సెలవుల్లో దొడ్లకు దూరంగా, బడి ముందువైపు కొత్త సంపు కట్టారు. నర్సింహమ్మను తీసేసే ధైర్యం మళ్లీ ఎవరూ చేయలేదు. గేటు దగ్గర తల్లులు రోజూ ఆమెనే అడిగేవారు, నీళ్లు ఎట్లున్నయని. గురువారం సందేశాలు అట్లాగే ఆగిపోయాయి, ఎవరూ వాటిని అడగలేదు.

రేణుక మేడాన్ని ఉద్యోగం నుంచి తీసేయలేదు. అట్లా చేస్తే మళ్లీ గొడవవుతుందని కిషన్ రావు గారికి తెలుసు. సైన్సు పాఠాలు కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చి, ఈమెను నర్సరీ పిల్లలను నిద్రపుచ్చే పనికి వేశాడు. పంతొమ్మిదేళ్లు పాఠం చెప్పిన మనిషి నెల రోజులు చాప మీద కూర్చొని పసిపిల్లలను జోకొట్టింది. ఆ గది ముందు నుంచి పోవాల్సి వస్తే నేను వేరే మెట్లు ఎక్కేవాణ్ణి. నెల తిరగ్గానే ఆమె రాజీనామా రాసి, తన స్టీలు డబ్బా, పుస్తకాలు సర్దుకొని వెళ్లింది. గాంధీనగర్‌లో ఒక చిన్న బడిలో చేరిందని తర్వాత తెలిసింది.

మొన్న జూన్‌లో ఆ బడి వెతుక్కుంటూ వెళ్లాను. మధ్యాహ్నం భోజనం వేళ. గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడి మాట్లాడుకున్నాం. నర్మద డిగ్రీలో చేరిందని, ఇక్కడ ల్యాబ్ లేదని, సామాన్లు ఇంటి నుంచి మోసుకొస్తున్నానని చెప్పింది. అన్నం తిన్నారా అని అడిగింది. నేను ఎన్నో రోజులుగా అల్లుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. 'ఆనాటి పరిస్థితుల్లో' అనే మాట దాకా వచ్చానేమో, ఆమె చేయి అడ్డం పెట్టింది.

"గట్ల మాట్లాడకుండ్రి సార్. గా భాషనే నాకు పడది."

తరవాత నెమ్మదిగా అంది. "చిన్నప్పటి సంది నేను చానా మోరీలు చూసిన. గా సంపు చూసినప్పుడు గూడ నాకు కడుపుల తిప్పలేదు. మీరు రాసిన కాయితం సారు సదువుతుంటే తిప్పింది. ఆ మాటలు ఎవరియో నాకు తెల్వదా? పంతొమ్మిదేండ్లు పక్కన కూసున్న. ఒక్క తప్పు లేకుంట రాసిండ్రు. గరీబు మనిషి బతుకు తీసేటందుకు అంత సక్కగ ఎట్ల రాసిండ్రు సార్?"

రోడ్డు మీద ఆటో ఒకటి ఆగి, వెళ్లిపోయింది.

"నర్సింహమ్మక్కకు చెప్పిండ్రా ఎప్పుడన్న, రాసింది నేనే అని?" అని అడిగింది.

చెప్పలేదన్నాను.

"ముందు ఆమెకు చెప్పుండ్రి. నా దగ్గరికి తర్వాత రావచ్చు," అంది. లోపల గంట మోగింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని గేటు వేసుకొని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బడికి ముందుగా వెళ్లాను. నర్సింహమ్మ వరండా కడుగుతోంది. దగ్గరికి వెళ్లి, చెప్పులు విడిచి, ఆ కాగితం రాసింది నేనేనని చెప్పాను. ఆమె బకెట్ దించి, నా ముఖంలోకి చూసింది. నేను నిలబడ్డ చోటే వంగి రెండు చెంబుల నీళ్లు గుమ్మరించి, పక్కకు జరగమన్నట్టు చీపురు ఆడించింది. నేను జరిగాను.